జప్తు చేసిన ఒండ్రు

వరద పదకొండు రోజులు ఉండి వెళ్ళింది. వెళ్ళేటప్పుడు ఊరికే వెళ్ళకుండా ఎప్పటిలాగే లంక మీద జానెడు మందాన ఒండ్రు పరిచి వెళ్ళింది. జల్లెడ పట్టిన పిండిలా ఉండే ఆ మట్టిలో గులకరాయి అన్నది వెతికినా దొరకదు. తడిగా ఉన్నప్పుడు కాలు పెడితే పిక్క దాకా లాగేస్తుంది. ఆరిపోతే పైపొర అప్పడంలా పెళుసెక్కుతుంది. ఇంకా ఆరితే గాలికి లేచి ఎదుటివాడి కళ్ళలో పడుతుంది. కానీ తాగిన నీళ్ళని మాత్రం కడుపులో దాచుకుని, చుక్క వాన లేకపోయినా రెండున్నర నెలలు మొక్కకి కొద్దికొద్దిగా అందిస్తుంది.

వీరవేణికి ఆ లంకలో ఎనభై సెంట్ల పట్టా ఉంది. లంక భూములు ప్రభుత్వానివి కాబట్టి ఆ పట్టా ఏడాదికే. మళ్ళీ ఏడాది మళ్ళీ రాయించుకోవాలి. మొగుడు త్రిమూర్తులు సముద్రం వైపు రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉంటాడు, పదిహేను రోజులకోసారి ఇంటికొస్తాడు. లంక మెరక మీదున్న ఇంట్లో ఉండేది అత్త చిట్టెమ్మ, రెండేళ్ళ కూతురు అమ్ములు, వీరవేణి. ఆ ఎనభై సెంట్లలో పండే మినుముల మీదే ఈ ముగ్గురి ఏడాదీ నడుస్తుంది.

లంకలో మినుము వేయడానికి నాగలి అక్కర్లేదు. ఒండ్రు పదునుకి వచ్చినప్పుడు గింజలు చల్లేస్తే చాలు. ఆ పదునుని పట్టుకోవడమే అసలు పని. పిడికెడు మట్టి తీసి ఉండ చేసి బొటనవేలితో నొక్కాలి. వేలికి అంటుకుంటే ఇంకా తొందర. పొడిపొడిగా రాలిపోతే ఆలస్యం. ఉండ మెత్తగా రెండుగా విడిపోతే అదీ పదును. అది ఐదారు రోజులుంటుంది. తరవాత చల్లిన గింజ మొలకెత్తినా పైపొర పగలగొట్టుకుని రాలేక లోపలే కుళ్ళిపోతుంది.

చిట్టెమ్మ దగ్గర ఇంకో పరీక్ష ఉంది. చిటికెడు మట్టి నోట్లో వేసుకుని ముందుపళ్ళతో నములుతుంది.

"మంచి ఒండ్రే. సన్నగా కరకరమంటంది," అంది ఆ రోజు ఉమ్మేస్తూ. "నాలుగు రోజుల్లో పదునొచ్చుద్ది. ఆ పైన ఆరు రోజులు. పదో రోజు దాటితే మాత్రం నీ ఇష్టం."

నీ ఇష్టం అనడంలో ఉన్న బెదిరింపు వీరవేణికి తెలుసు. ఆ క్షణం నుంచే ఆమెకి వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకోవడం మొదలైంది.

ఆ సాయంత్రమే రేవులో మైకు వినిపించింది. ఈ ఏడాది విత్తే ముందు ప్రతి రైతూ తన చేలో మట్టిని మట్టికార్డుతో సరిపోల్చి ముద్ర వేయించుకోవాలట. సరిపోలని మట్టిలో సాగు చేసినవారి పట్టా రద్దు అవుతుందట.

ఆ ఏడు పైవాళ్ళకి మట్టి మీద ప్రేమ పుట్టిన మాట నిజం. 'మట్టికో కార్డు, కార్డుకో మట్టి' అని గోడలన్నిటి మీదా రాయించారు. మృత్తికా గుర్తింపు విభాగం అని కొత్త ఆఫీసు పెట్టారు. వేసవిలో లంక రైతులు నూట నలభై మందికీ కార్డులు వచ్చాయి. దళసరి ప్లాస్టిక్కులో పెట్టి నీళ్ళలో పడ్డా తడవకుండా చేశారు. అందరి కార్డు మీదా ఒకటే రాసి ఉంది: ఎర్ర గరప నేల, రాళ్ళు అధికము, నీరు నిలువదు, అనువైన పంట జీడిమామిడి. చిట్టెమ్మ ఆ కార్డుని పాలగిన్నె మీద మూతగా వాడుతోంది.

రెండో రోజు పొద్దున్నే వీరవేణి పాలగిన్నె మీద కార్డు తీసి, కడిగి, టిఫిన్ డబ్బాలో చేలో మట్టి పెట్టుకుని, అమ్ములుని చంకనేసుకుని పడవెక్కింది.

సహాయ మృత్తికాధికారి శేషావతారం గారు ముందు కార్డు చూశారు. తరవాత డబ్బా మూత తీసి చూశారు. మళ్ళీ కార్డు చూశారు.

"కార్డులో ఎర్ర గరప అని ఉంది."

"ఉందండి."

"డబ్బాలో ఉన్నదేమిటి?"

"ఒండ్రండి."

"మరి ఎర్ర గరపను ఏం చేశారు?"

తప్పు చేయకపోయినా ఆఫీసులో ఎవరైనా ప్రశ్న అడిగితే వీరవేణికి తప్పు చేసినట్టే ఉంటుంది.

"మా చేలో గరప ఎప్పుడూ లేదండి. మట్టి తియ్యడానికొచ్చినోళ్ళు ఎండకి జడిసి పడవెక్కలేదండి. రేవు కాడ రోడ్డుకని పోసిన గరప గుట్ట ఉంటే అందులోంచి నూట నలభై సంచులూ కట్టుకున్నారండి. ఆళ్ళకి మజ్జిగిచ్చింది నేనేనండి."

"అనగా," అన్నారు శేషావతారం గారు కళ్ళజోడు సర్దుకుని, "ప్రయోగశాల ధ్రువీకరించిన వాస్తవమును మీరు మజ్జిగ ఆధారంగా ఖండిస్తున్నారు."

"ఖండించడం లేదండి. చెప్తన్నానండి."

"చూడమ్మా. నేను కఠినుడిని కాను. తర్కబద్ధంగా ఆలోచిద్దాం. కార్డు ముద్రితము, సంతకము చేయబడినది. దానిని మార్చు అధికారము ఈ జిల్లాలో ఎవరికీ లేదు. మట్టి మీద సంతకము ఉన్నదా?"

వీరవేణి డబ్బాలోకి చూసింది. "లేదండి."

"కాబట్టి మారవలసినది ఏది?"

జవాబు కోసం ఆగకుండా ఆయన ఫైలులో రాసుకోసాగారు. అమ్ములు డబ్బాలో చెయ్యి పెట్టి కాస్త మట్టి నోట్లో వేసుకుంది. వీరవేణి గబుక్కున వేలు పెట్టి తీసింది.

నాలుగో రోజు అధికారి గారు స్వయంగా తనిఖీకి వచ్చారు. వెంట ప్యూను గంగరాజు గొడుగు, ఫైలు, సీసా పట్టుకుని పడవ దిగాడు. ఒండ్రు మీద బూట్లతో నడవకూడదని వీరవేణి చెప్పేలోపే శేషావతారం గారు ఒక అడుగు వేశారు. కాలు పిక్క దాకా దిగింది. లాగితే కాలు వచ్చింది, బూటు రాలేదు. గంగరాజు మోచేతి దాకా వెతికినా దొరకలేదు. దాన్ని 'మట్టిచే స్వాధీనపరచుకొనబడిన ప్రభుత్వోద్యోగి పాదరక్ష ఒకటి' అని నివేదికలో రాయించారు.

ఆ తరవాత సీసాలో నీళ్ళు పోసి, మట్టి వేసి, గిలక్కొట్టి చూశారు. చాలాసేపు ఆ నీళ్ళు తేరుకోలేదు.

"గరప అయితే ఈపాటికి అడుగుకు చేరి ఉండేది," అన్నారు. "ఇది ఎక్కడా స్థిరంగా కూర్చునే రకము కాదు. సంచార స్వభావము కలది." గంగరాజు అది కూడా రాశాడు.

ఒక ఫారం తీశారు. అది వేరే ఊళ్ళ నుంచి పనికి వచ్చినవాళ్ళ కోసం ఇంకో ఆఫీసులో అచ్చేసిన ఫారం. మట్టికి విడిగా ఫారం ఇంకా రాలేదు కాబట్టి ప్రస్తుతానికి అదే వాడమన్నారట.

"స్వస్థలము?"

"ఏట్లోంచొచ్చిందండి," అంది వీరవేణి.

"ఏరు మార్గము. నేను అడుగుతున్నది స్వస్థలము."

చిట్టెమ్మ ముందుకొచ్చింది. "ఉండండి బాబూ, నేను చెప్తాను." చిటికెడు తీసి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. "నల్లరేగడి చేలది కొంచెం ఉంది. ఎర్ర కొండల్ది కొంచెం ఉంది. అడవిలో ఆకు కుళ్ళిన మన్ను కూడా ఉంది. తియ్యగా తగులుతంది, అదే."

"మూడు ప్రాంతాల వారు," అన్నారు శేషావతారం గారు తల పంకిస్తూ. "కలిసికట్టుగా వచ్చారు. ఎన్నాళ్ళు ఉండదలచినారు?"

"మళ్ళీ వరదొచ్చే దాకా ఉంటదండి. అప్పుడు కొంత పోద్ది, కొంత వత్తది."

"అనుమతి లేని రాకపోకలు," అని ఆయన గంగరాజుకి చెప్పారు.

విషయం అత్యవసరం కాబట్టి ఎగువనున్న రెండు జిల్లాల మృత్తికాధికారులకి ఉత్తరాలు ఫోనులోనే పంపారు. మీ మట్టి మా పరిధిలో దొరికింది, తీసుకుపోగలరు అని సారాంశం. వీరవేణి రోజూ పడవ దాటి ఆఫీసు అరుగు మీద కూర్చుంది. అమ్ములు అరుగు అంచున మట్టి కనిపిస్తే చాలు చెయ్యి చాచేది. పిల్ల కడుపులో పురుగులు పడతాయేమోనని ఒక దిగులు, చేలో పదును పోతుందేమోనని ఒక దిగులు. ఇంటికొచ్చి పొయ్యి వెలిగించకముందే చేలోకి వెళ్ళి ఉండ చేసి నొక్కి చూసుకునేది. ఐదో రోజు మెత్తగా విడింది. ఆరో రోజు కూడా మెత్తగానే విడింది.

ఏడో రోజుకి జవాబులొచ్చాయి. మొదటి జిల్లా వాళ్ళు, మా మట్టి నల్లనిది, మీరు పంపిన ఫొటోలోని మట్టి బూడిదరంగుది, దీనితో మాకు ఎట్టి బంధుత్వమూ లేదు అని రాశారు. రెండో జిల్లా వాళ్ళు, అవును, మా కొండల నుంచి ఏటా మట్టి చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతోంది, వెళ్ళినది మా దృష్టిలో వెళ్ళినట్టే, తిరిగి చేర్చుకొనుటకు నిబంధన లేదు అని రాశారు.

శేషావతారం గారు ఆ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చాలా విచారించారు.

"ఎవరూ లేని మట్టి," అన్నారు. "వెనక్కి పంపలేము. ఉండనివ్వలేము. అసలు మట్టి అయిన ఎర్ర గరప ఆచూకీ లభించే వరకు దీనిని జప్తు చేయుట తప్ప గత్యంతరము లేదు."

"జప్తు చేసి ఎక్కడికి పట్టికెళ్తారండి?" అంది వీరవేణి.

"రవాణాకు ఏర్పాట్లు లేవు. ఉన్నచోటనే జప్తు. మట్టి మీ చేలోనే ఉండును, కానీ మీది కాదు. మీరు దానికి సంరక్షకులు."

ఎనిమిదో రోజు లంకలో జప్తు జరిగింది. నూట నలభై చేలకీ నాలుగు మూలలా కర్రలు పాతి గుడ్డపీలికలు కట్టారు. పంచనామా చదువుతుండగా అమ్ములు అందరి కళ్ళముందూ గుప్పెడు మట్టి తీసి నోట్లో పెట్టుకుంది. చదవడం ఆగింది.

"జప్తు అయిన పిదప తిన్నదా, ముందా?" అన్నారు శేషావతారం గారు.

"చదూతుండగా తిందండి," అన్నాడు గంగరాజు.

వీరవేణి పిల్ల నోట్లోంచి వచ్చినంతమట్టుకు తీసి చేలోనే వేసింది. అయినా కొంత లోపలికి పోయింది. తగ్గుదల గుప్పెడు, చిన్నది, అని రాసుకున్నారు.

"కంగారెందుకు బాబూ," అంది చిట్టెమ్మ. "రేపు పొద్దున్నకి తిరిగొచ్చేత్తది. అప్పుడు జమ కట్టుకోండి."

శేషావతారం గారు కాసేపు ఆలోచించి, వద్దులెండి అన్నారు.

సంరక్షకులకి తలా ఒక కాయితం ఇచ్చారు. మిగతావాళ్ళు మడిచి జేబులో పెట్టుకున్నారు. వీరవేణికి కాయితమంటే భయం, భయం కాబట్టే ప్రతి కాయితాన్నీ రెండుసార్లు చదువుతుంది. చూపుడువేలు అక్షరం అక్షరం మీదా జరుపుకుంటూ గట్టు మీదే కూర్చుని చదివింది. జప్తు మట్టిని దున్నరాదు. తవ్వరాదు. ఒక చోట నుండి మరొక చోటికి జరపరాదు. నాలుగోది దగ్గర ఆమె వేలు ఆగింది: గాలికి ఎగిరిపోకుండా, వానకు కొట్టుకుపోకుండా, ఎండకు బీటలు వారకుండా సంరక్షకులు తగిన ఆచ్ఛాదన కల్పించవలెను. లేనిచో పట్టా రద్దగును.

రెండోసారి చదివింది. అధికారి గారు పడవ ఎక్కబోతుంటే వెనకాలే పరిగెత్తింది.

"అయ్యా, ఆచ్ఛాదన అంటే ఏంటండి?"

"కప్పు. టార్పాలిన్ వంటిది."

"ఆఫీసోళ్ళిస్తారాండి?"

"ప్రతిపాదన పంపుతాము. వచ్చే ఆర్థిక సంవత్సరంలో రావచ్చు."

"ఈలోగా గాలొత్తే?"

"బాధ్యత సంరక్షకులదే."

"ఆకుతో కప్పొచ్చాండి?"

"ఆకు ఎగిరిపోదూ?"

"ఏళ్ళున్న ఆకైతే ఎగరదండి. ఏళ్ళు మట్టిని గట్టిగా పట్టుకుంటాయి కదండీ. ఆకు గుబురుగా ఉంటే ఎండ కూడా నేలకి తగలదండి. బీటలియ్యదు."

శేషావతారం గారు పడవ మీద పెట్టిన కాలు కిందికి దించారు. ఆ రోజు చెప్పులతో వచ్చారు. "వేర్లు కలిగిన ఆచ్ఛాదన," అన్నారు నెమ్మదిగా, రుచి చూస్తున్నట్టు. "సజీవ ఆచ్ఛాదన. దానిని ఎట్లు పరుస్తారు?"

"చల్లుతామండి."

"చల్లుట సాగు కిందికి రాదా?"

వీరవేణి చీరకొంగు వేలికి చుట్టుకుంది. గంగరాజు అటూ ఇటూ చూశాడు. పదును ఇంకా రెండు రోజులే ఉంటుంది. ఈ మాటకి ఔనంటే ఏడాదంతా పోతుంది.

"మాకేం తెలుసండి," అంది చివరికి. "మీ పుస్తకంలో ఏముంటే అదేనండి."

పుస్తకం తెరిచారు. సాగు అనగా నాగలితో గానీ, యంత్రముతో గానీ నేలను కదల్చుట అని ఉంది. దాన్ని మెట్టప్రాంతంలో కూర్చుని ఎవరో రాశారు.

"నేలను కదలుస్తారా?"

"అంగుళం కూడా కదల్చమండి. జప్తు మట్టి కదండీ."

పడవ అంచున పెట్టుకునే ఆయన అనుమతి రాసిచ్చారు. రాస్తున్నంతసేపూ ముఖంలో ఒక వెలుగు ఉంది. ఇలాంటి పదం ఆ విభాగంలో ఇంతకుముందెవరూ వాడలేదని గంగరాజుతో అన్నారు.

తొమ్మిదో రోజు తెల్లారేసరికి వీరవేణి, చిట్టెమ్మ కొంగుల్లో మినుములు పోసుకుని చేలో ఉన్నారు. ఉండ చేసి నొక్కితే విడింది, కానీ అంచులు రాలుతున్నాయి. ఇంక ఆగితే లాభం లేదు. మధ్యాహ్నానికి కబురు అన్ని చేలకీ పాకింది. నూట నలభై మంది సంరక్షకులూ జప్తు మట్టి మీద సజీవ ఆచ్ఛాదన చల్లేశారు.

ఐదు రోజులకి లంకంతా మొలకలు లేచాయి. నెలకి నేల కనపడలేదు. శేషావతారం గారు పై అధికారులను తీసుకొచ్చి చూపించారు. గాలికి ఒక్క రేణువు లేవలేదని, ఎక్కడా బీట లేదని వాళ్ళు మెచ్చుకున్నారు. 'ఆచ్ఛాదన సంతృప్తికరము' అని రాశారు. పసుపు పువ్వులు కనిపిస్తే ఒకాయన ఇవెందుకన్నాడు.

"అందానికండి," అంది వీరవేణి.

ఇంకో పదిహేను రోజులకి శేషావతారం గారు మళ్ళీ వచ్చారు. కాయలు గుత్తులుగా వేలాడుతున్నాయి.

"ఇవి?"

"బరువుకండి. గాలికి కప్పు లేచిపోకుండా."

ప్రకృతిలో ఎంత ముందుచూపు ఉందో అని ఆయన ఆశ్చర్యపోయారు.

మరో నెల దాటేసరికి కాయలు నల్లబడ్డాయి. అప్పుడు మళ్ళీ వీరవేణికి నిద్ర పట్టడం మానేసింది. ఎండిన మినుపకాయ వారంలో చిట్లిపోతుంది, గింజంతా నేలపాలవుతుంది. కోద్దామంటే ఆచ్ఛాదన తొలగించినవారి పట్టా రద్దగును అని అనుమతి కాయితంలో ఉంది. చిట్టెమ్మ కొడవలి నూరి చూరులో పెట్టింది. "కోసేద్దాం, ఏమయితే అదవుద్ది," అంది. వీరవేణి ఒప్పుకోలేదు. అమ్ములుని చంకనేసుకుని మళ్ళీ పడవెక్కింది.

"అయ్యా, కప్పు ఎండిపోయిందండి."

"పచ్చగా ఉండగా చూశామే."

"ఇప్పుడు పెళపెళలాడతందండి. పడవోళ్ళు బీడీలు కాల్చి ఇసిరేత్తా ఉంటారండి. ఒక్క నిప్పురవ్వ పడిందంటే లంకంతా అంటుకుంటది. జప్తు మట్టి కాలితే ఎర్రబడిపోద్దండి, ఇటుకలాగ. రేపు మీ పైవాళ్ళొచ్చి ఎర్రమన్నెక్కడిదంటే నేనేం చెప్పనండి?"

శేషావతారం గారి కలం చేతిలోంచి జారింది. జప్తు మట్టి రంగు మారితే కొత్త ఫైలు తెరవాలి. పాతది ఇంకా మూయలేదు.

అక్కడికక్కడే ఉత్తరువు రాయించారు. ఒకటి, ఎండిన ఆచ్ఛాదనను సంరక్షకులు మూడు రోజుల్లో సొంత శ్రమతో తొలగించవలెను. రెండు, తొలగించగా వచ్చు వ్యర్థములను జప్తు స్థలంలో ఉంచక సంరక్షకులే తమ ఇళ్ళకు తరలించుకొని స్వయముగా పరిష్కరించుకొనవలెను. మూడు, సదరు వ్యర్థములను ఏ ప్రభుత్వోద్యోగికీ ముట్టజెప్పరాదు, ఆఫీసు ఆవరణలో నిల్వకు స్థలం లేదు.

"కష్టమే," అన్నారాయన సంతకం చేసి ఇస్తూ. "మీ మీద భారం వేయక తప్పడం లేదు."

"ఏం చేత్తామండి," అంది వీరవేణి. "మోత్తాం."

మూడు రోజుల్లో లంకంతా తొలగింపు పూర్తయింది. వీరవేణి చేలో ఐదు బస్తాల వ్యర్థాలు వచ్చాయి. పొట్టు తూర్పారబట్టి, గింజని అరుగు మీద ఆరబోసి, అమ్ములు గుప్పెడు నోట్లో వేసుకోబోతే ఈసారి ఆపలేదు.

వారం తరవాత గంగరాజు సైకిలుతో సహా పడవ దిగి వచ్చాడు. అరుగు పక్కన నిలబడి, ఆరబోసిన గింజల వైపు చూడనట్టు చూశాడు.

"అమ్మా, అయ్యగారి ఇంట్లో పిల్ల పెళ్ళిచూపులంట. ఇడ్లీలకీ గారెలకీ కావాలంట. మీ కాడ ఆ వ్యర్థాలు ఓ రెండు కుంచాలుంటే పంపమన్నారు. సన్నగింజ అయితే మరీ మంచిదన్నారు."

చిట్టెమ్మ చేటలో గింజలు చెరుగుతూ ఆగింది. వీరవేణి లోపలికెళ్ళి ఉత్తరువు తెచ్చి గంగరాజు చేతిలో పెట్టింది.

"మూడోది చదవండి."

గంగరాజు మూడోది చదివాడు. కింద సంతకం చూశాడు. ఆ సంతకం దగ్గర ముద్ర వేసింది తనే.

"మరి ఆయనకేం చెప్పమంటావమ్మా?"

వీరవేణి కాయితం తిరిగి తీసుకుని జాగర్తగా మడత పెట్టింది.

"దరఖాస్తు పెట్టుకోమనండి," అంది. "అత్తయ్యా నేనూ కూచుని పరిశీలిత్తాం."